ఫోన్‌లో దారి ఎన్నాళ్లకు పాతబడుతుంది?

దీపావళి నాడు జడ్చర్లలో అక్కావాళ్ల ఇంటి ముందు బావ కారు కడుగుతున్నాడు. డ్యాష్‌బోర్డు అరలోంచి పాత టోల్ రసీదులు, ఎండిన నిమ్మకాయ, వాటి అడుగున అరచేయంత నల్ల డబ్బా బయటపడ్డాయి. 2010లో ముచ్చటపడి కొన్న నావిగేషన్ పరికరం, రబ్బరు కప్పుతో అద్దానికి అతికించుకునే రకం. పారేద్దామనుకుంటూనే ఛార్జరు పెట్టి చూశాడు. ఐదు నిమిషాలు తెల్లమొహం వేసి, ఆ తర్వాత తెర మీద నీలం బాణం చూపింది. జాగా సరిగ్గా ఇంటి ముందే. పై మూలన తేదీ మాత్రం సోమవారం, 2006 మార్చి 6.

మేం నిలబడ్డది 2025 అక్టోబరు 20న. అదీ సోమవారమే. "జాగ కరెక్టు, వారం కరెక్టు, ఏడు మాత్రం ఇరవయ్యేండ్లు ఎనుకకు పోయింది. గిదెట్లయితది?" అన్నాడు బావ. ఇంకో సంగతి కూడా ఉంది. బాణం చుట్టూ వీధి లేదు, ఇళ్లు లేవు. ఆ వెంచర్ పడక ముందటి పటం కాబట్టి పరికరం లెక్కలో మేం చెలకలో నిలబడి ఉన్నాం. కొంచెం అవతల పోతున్న హైవే మీద ఎన్‌హెచ్ 7 అని రాసి ఉంది.

బావను చూసి నవ్వేంత గొప్పగా నా పరిస్థితీ లేదు. మర్నాడు శ్రీశైలం పోదామనుకున్నాం. అడవిలో సిగ్నల్ దొరకదని, మ్యాప్ ముందే దించుకునే పద్ధతి చెప్పే వీడియో ఒకటి పెట్టుకున్నాను. "ఎడమవైపు మూడు గీతలు నొక్కండి" అంటాడాయన. నా ఫోన్‌లో ఎడమవైపు గీతలే లేవు.

తప్పు తేదీ, లేని వీధి, దొరకని బటన్. మూడింటికీ మనం పెట్టే పేరు ఒకటే: పాతబడిపోయింది. కానీ మూడూ పాతబడిన తీరు వేరు, పట్టిన కాలం వేరు.

ఒక్క పేరు, నాలుగు పనులు

నావిగేషన్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు పనులున్నాయి. మొదటిది, భూమ్మీద మనం ఎక్కడున్నామో తేల్చడం. ఇది ఉపగ్రహాల సాయంతో జరుగుతుంది. చివరికి వచ్చేవి రెండు అంకెలే, అక్షాంశం, రేఖాంశం. ఆ అంకెలకు ఊరి పేరు తెలియదు, రోడ్డు తెలియదు. రెండోది పటం, అంటే రోడ్లు, ఊళ్లు, పేర్లు, వంతెనలు ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టిన చిట్టా. మూడోది దారి ఎంపిక: ఇక్కడి నుంచి అక్కడికి ఎటు పోతే తొందరగా చేరతామో, ఈ గంటలో ఎక్కడ రద్దీ ఉందో, ఎక్కడ రోడ్డు మూశారో లెక్కగట్టడం. నాలుగోది మనకు కనబడే తెర, అందులోని బటన్లు, మెనూలు, "కుడివైపు తిరగండి" అనే గొంతు.

బస్సు స్టేజీ కాడ కూర్చున్న పెద్దమనిషిని దారి అడిగితే ఈ నాలుగు పనులూ ఆయన ఒక్కడే చేస్తాడు. "మొన్నటి వానకు కాజ్‌వే కొట్టుకపోయింది బిడ్డా, కట్ట మీదికెళ్లి పో" అంటాడు. ఫోన్‌లో ఈ నాలుగూ వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల చేతుల్లో తయారవుతాయి. అందుకే ఒకటి పాతబడినా మిగతావి బాగానే ఉండొచ్చు. వాడేవాడికి తెర ఒక్కటే కనబడుతుంది కాబట్టి, ఏది చెడినా "జీపీఎస్ తప్పు చూపింది" అనేస్తాం. చాలాసార్లు పాపం జీపీఎస్‌ది కాదు.

వారం సరే, సంవత్సరం ఎటు పోయింది?

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "నేను ఫలానా, ఇప్పుడు సమయం ఇంత" అని పంపుతుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఒక్కో ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో పరికరం లెక్కగడుతుంది. నాలుగు ఉపగ్రహాలు అందితే చోటు తేలుతుంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే చాలు, దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఇందులో మన మొబైల్ నెట్‌వర్క్ పాత్ర లేదు. డేటా అయిపోయినా, సిమ్ తీసేసినా ఫోన్‌కు తానెక్కడుందో తెలుస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న మాట పాలమూరు నుంచి పట్నం దాకా వినబడుతుంది. నెట్ లేకపోతే రానిది పటం.

ఇక తేదీ. జీపీఎస్ కాలాన్ని 1980 జనవరి 6 నుంచి వారాల్లో లెక్కపెడుతుంది. మొదటితరం సంకేతంలో వారం నంబరుకు పది బిట్ల జాగానే ఇచ్చారు (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక గడి). పది బిట్లలో 0 నుంచి 1023 దాకానే పడతాయి. 1023 తర్వాత మళ్లీ సున్నా, పాత స్కూటరు మీటరు 99999 దాటి సున్నాలకు వచ్చినట్టు. 1024 వారాలంటే 7,168 రోజులు, పంతొమ్మిదేళ్ల ఏడున్నర నెలలు. ఇలా మొదటిసారి 1999 ఆగస్టులో, రెండోసారి 2019 ఏప్రిల్‌లో తిరిగింది. మూడోసారి 2038 నవంబరులో తిరుగుతుంది.

ఉపగ్రహం "వారం 300" అంటే అది ఏ చుట్టులోని 300 అన్నది పరికరమే తేల్చుకోవాలి. తయారీదారులు ఇందుకోసం ఒక ఆరంభ తేదీ పెట్టుకుంటారు. అక్కడి నుంచి 1024 వారాల దాకా లెక్క సరిపోతుంది, దాటగానే వెనక్కి దూకుతుంది. బావ డబ్బాకు జరిగింది అదే. 2025 అక్టోబరు 20 నుంచి 7,168 రోజులు వెనక్కి లెక్కపెడితే సరిగ్గా 2006 మార్చి 6 వస్తుంది. దూకింది నిండు వారాల లెక్కన కాబట్టి సోమవారం సోమవారంగానే మిగిలింది. చోటు తేల్చడానికి వారంలో ఎన్నో సెకనన్నది ప్రధానం గానీ ఏ సంవత్సరమన్నది కాదు, అందుకే బాణం ఇంటి ముందే పడింది. కొత్త సంకేతాల్లో వారానికి పదమూడు బిట్లిచ్చారు. అవి నిండడానికి 157 ఏళ్లు పడుతుంది.

నాలుగు పనుల్లో ఇదే అన్నిటికన్నా నిదానంగా పాతబడేది. మారినప్పుడు మంచికి మారిన సందర్భమూ ఉంది. పౌరులకిచ్చే సంకేతంలో, జీపీఎస్‌ను నడిపే అమెరికా ఒకప్పుడు కావాలనే పొరపాటు కలిపేది. 2000 మే మొదట్లో ఆ పని మానుకుంది. వంద మీటర్ల దాకా తేడా వచ్చే పరికరాలు రాత్రికి రాత్రి పది, ఇరవై మీటర్లకు దిగాయి. "జీపీఎస్‌ను నమ్మి సందు వెతకలేం" అని అప్పటిదాకా రాసిన పుస్తకాలన్నీ ఆ ఒక్క రాత్రితో పాతబడ్డాయి. ఇవాళ ఆరుబయట మామూలు ఫోన్‌కు తేడా ఐదు మీటర్ల ప్రాంతంలో ఉంటుంది.

జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. మొదటి ఉపగ్రహం 2013 జులైలో, ఏడోది 2016 ఏప్రిల్‌లో వెళ్లాయి. ఆ తర్వాత కొన్నింటి అణు గడియారాలు చెడిపోయాయి. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 అనే సంకేతం తోడైంది. జీపీఎస్ కూడా అదే పౌనఃపున్యంలో మాట్లాడుతుంది కాబట్టి చిన్న పరికరాల్లో నావిక్‌ను ఇమడ్చడం సులువవుతుంది. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. అదే ఏడాది జులైలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం దారి చూపే సేవకు పనికొస్తున్న నావిక్ ఉపగ్రహాలు నాలుగు. "జీపీఎస్‌కు ఇక సెలవు" అని 2016లో వచ్చిన వ్యాసాలూ, "నావిక్ ఏ ఫోన్‌లోనూ రాదు" అని 2019లో వచ్చినవీ ఇప్పుడు చదివితే రెండూ తప్పే.

గీత ఒక చోట, రోడ్డు ఒక చోట

పటం పాతబడటం ఇంకో రకం. ఊరి పక్కన కొత్త బైపాసు పడిందనుకుందాం. పరికరంలో పాత రోడ్డే ఉంది. బైపాసు పాత రోడ్డుకు పాతిక మీటర్ల దూరంలో పోతున్నంతసేపు ఏ ఇబ్బందీ కనబడదు. కారు రోడ్డు మీదే ఉంటుందన్న నమ్మకంతో సాఫ్ట్‌వేర్ బాణాన్ని లాక్కెళ్లి దగ్గరి గీత మీద పెడుతుంది. బైపాసు అరకిలోమీటరు పక్కకు జరిగాక ఆ నమ్మకం సడలుతుంది. బాణం పొలంలో పడుతుంది, గొంతు "యూ టర్న్ తీసుకోండి" అని మొత్తుకుంటుంది. రెండో తప్పు మనకు వెంటనే తెలుస్తుంది. మొదటిదే ప్రమాదం. అంతా సరిగ్గా ఉన్నట్టు చూపిస్తూనే, లేని చౌరస్తా దగ్గర తిరగమంటుంది.

దక్షిణ తెలంగాణలో పటం ఎంత తొందరగా పాతబడిందో చూడాలంటే పేర్ల నుంచే మొదలుపెట్టాలి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. కర్నూలు వైపు పోయే 7వ నంబరు రోడ్డు 44 అయింది, చౌటుప్పల్, సూర్యాపేట మీదుగా విజయవాడ పోయే 9వ నంబరు 65 అయింది. లారీ డ్రైవర్లు ఇప్పటికీ "సెవెన్ హైవే" అనడం నేను విన్నాను. వాళ్లకు ఏ అప్‌డేటూ వెళ్లలేదు. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చాయి. 2018 చట్టంతో తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. ఒక్క రోడ్డూ కదలలేదు, ఒక్క ఇల్లూ జరగలేదు, చిరునామాలు మాత్రం మారిపోయాయి.

ఒకే పేరున్న ఊళ్ల తంటా పాతదే అయినా ఫోన్‌తో కొత్త రూపం ఎత్తింది. "బాలానగర్" అని కొడితే ఫోన్ ముందుగా హైదరాబాద్ బాలానగర్ చూపిస్తుంది. 44వ రహదారి మీద జడ్చర్లకూ షాద్‌నగర్‌కూ మధ్యన, సీతాఫలానికి పేరుపడ్డ బాలానగర్ కోసం జిల్లా పేరు కూడా జోడించాలి. చిట్యాల మండలమూ అంతే, నల్లగొండలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. పెండ్లి పత్రిక మీద "వయా" అని రాసే పెద్దల అలవాటును మనం పాత చాదస్తమనుకున్నాం గానీ, ఆ ఒక్క మాట యంత్రానికీ అక్కరకొస్తుంది.

నీళ్ల సంగతి వీటన్నిటికన్నా పెద్దది. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలో నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన, ఉదండాపూర్ జలాశయాలున్నాయి. ఉదండాపూర్ జడ్చర్ల మండలంలోదే. బావ డబ్బాలో ఆ ఊరు, పక్కన వల్లూరు, మధ్యన బాటలు అన్నీ భద్రంగా ఉన్నాయి. ముంపు జాబితా సంగతి దానికి తెలియదు. బావ కాసేపు ఆ చోటునే వేలితో జరుపుతూ చూశాడు. ఏమీ అనలేదు.

మరి అప్‌డేట్ చేసుకుంటే పోలేదా? అక్కడ ఇంకో మెలిక ఉంది. పరికరం చేసేవాళ్లు పటాన్ని చాలాసార్లు ఇంకొకరి దగ్గర కొంటారు. "జీవితకాలం ఉచిత మ్యాపులు" అని పెట్టె మీద రాస్తే, ఆ జీవితం కొన్నవాడిది కాదు, పరికరానిది. అది ఎప్పుడు ముగిసిందో కంపెనీయే చెబుతుంది. 2018లో ఇలాంటి పరికరాలు చేసే టామ్‌టామ్ కంపెనీ తన పాత మోడళ్లు కొన్నింటికి, ఆ హామీతో అమ్మినవాటికి కూడా, ఇక కొత్త మ్యాపులు ఇవ్వలేమని ప్రకటించింది. వాటిలో అంత జాగా, అంత సత్తా లేవన్నది వాళ్ల వాదన. కొన్నవాళ్లకు అది మాట తప్పడంగానే కనబడింది. రెండు వైపులా నిజముంది. రోడ్లు పెరిగేకొద్దీ పటం బరువెక్కుతుంది, 2010 నాటి చిప్ దాన్ని మోయలేదు. అయితే ఆ సంగతి అమ్మేనాడే తెలియదా అన్న ప్రశ్నకు జవాబు లేదు.

నిజానికి ఈ డబ్బాల కథ బావ కొనకముందే మలుపు తిరిగింది. 2009 అక్టోబరు చివర్లో గూగుల్ తన ఫోన్ మ్యాపుల్లో మాటలతో దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితంగా పెట్టింది. ఆ రోజే ఈ డబ్బాలు చేసే గార్మిన్, టామ్‌టామ్ కంపెనీల షేర్లు పడిపోయాయి. ఆ సౌకర్యం ఇక్కడికి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది కాబట్టి ఇక్కడి దుకాణాల్లో డబ్బాలు ఇంకా కొత్త వస్తువులుగానే మెరిశాయి.

పూట గడవకముందే పాతబడేది

మూసీ మీద జూలూరు–రుద్రవెల్లి లోలెవల్ వంతెన ఉంది. ఎండాకాలంలో అది మామూలు రోడ్డే. ఎగువన గట్టి వానపడి మూసీ పొంగితే నీళ్లు వంతెన మీదికెక్కుతాయి, రాకపోకలు ఆగిపోతాయి. పటంలో ఆ గీత తప్పు కాదు, వంతెన అక్కడే ఉంది. ఇవాళ దాటగలమా అన్నదే ప్రశ్న. దానికి పటం దగ్గర జవాబుండదు. అది మూడో పని, ప్రత్యక్ష సమాచారం.

ఆ సమాచారం ఎక్కువగా మన జేబుల్లోంచే వస్తుంది. రోడ్డు మీద పోతున్న ఫోన్ల వేగాన్ని బట్టి రద్దీని అంచనా వేస్తారు. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న తోపుడు బండిలో వేసుకుని ఖాళీ వీధుల్లో నడిచాడు. మ్యాప్ ఆ వీధులను ఎర్రగా చూపింది. దీన్ని తిరగేసి చూడండి. వాగు పొంగిన రోడ్డు మీద ఫోన్లే ఉండవు. వందల బండ్లు పోయే హైవే మీద ఒక్కసారిగా అందరూ మాయమైతే యంత్రానికి అనుమానం రావచ్చు. రోజుకు పది బండ్లు పోయే పల్లెబాటలో నిశ్శబ్దానికి అర్థమేమిటి? రోడ్డు ఖాళీగా ఉందా, తెగిపోయిందా? బయటి నుంచి రెండూ ఒకేలా కనబడతాయి. పట్నంలో బాగా పనిచేసే పద్ధతి తండాబాటలో తేలిపోయేది ఇందుకే.

శ్రీశైలం దారిది ఇంకో రకం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోయే రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గీత చెరగలేదు, నీళ్లు రాలేదు, గేటు పడింది, అంతే. ఏ వేళలో తెరిచి ఉంటుందో కూడా రాసుకుంటేనే పటం ఆ రోడ్డు గురించి నిజం చెప్పినట్టు.

మూడు వాక్యాల గైడ్‌కు శవపరీక్ష

అన్నిటికన్నా తొందరగా పాతబడేవి గైడ్లు, అంటే "ఇలా చేయండి" అని చెప్పే వ్యాసాలు, వీడియోలు. నేను చూసిన వీడియో సారాంశం మూడు వాక్యాలు. ఎడమవైపు మూడు గీతలు నొక్కండి. "ఆఫ్‌లైన్ ఏరియాస్" ఎంచుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరేముందే వైఫైలో దించుకోండి.

మొదటి వాక్యం చచ్చిపోయింది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ మూడు గీతలు తీసేసి, మెనూను కుడి మూలన మన ఫొటో కిందికి మార్చారు. రెండోదానికి పేరు మారింది, ఇప్పుడు "ఆఫ్‌లైన్ మ్యాప్స్". మూడోది నిక్షేపంగా ఉంది. బటన్ ఎక్కడుందో చెప్పే వాక్యం ఒక్క అప్‌డేట్‌తో పోతుంది. ఎందుకు చేయాలో చెప్పే వాక్యం అడవి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. చిక్కేమిటంటే, వెతికేవాళ్లకు కావాల్సింది మొదటిరకం. ఎక్కువ మంది చూసేదీ అదే.

ఇంతకన్నా విచిత్రమైనవీ ఉన్నాయి. 2013లో ఆండ్రాయిడ్ మ్యాప్స్ కొత్త రూపంలో వచ్చినప్పుడు మ్యాప్ దించుకునే బటన్ కనబడకుండా పోయింది. వెతికే పెట్టెలో "ఓకే మ్యాప్స్" అని కొడితే తెర మీదున్న ప్రాంతం ఫోన్‌లో దాచుకునేది. కొన్నాళ్లు అది పెద్ద రహస్య మంత్రం.  ఊళ్ల పేర్లూ రోడ్లూ జనమే గీసే గూగుల్ మ్యాప్ మేకర్‌ను 2017లో మూసేశారు. దాన్ని వాడటం నేర్పిన పాఠాలు వృథా అయ్యాయి గానీ, దాంతో జనం గీసిన గీతలు పటంలో కలిసిపోయి బతికాయి. మనం తిరిగిన చోట్ల చిట్టా 2024 తర్వాత కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లోనే ఉంటోంది. తెలుగులో చూసుకోవడమూ అంతే. 2021కి ముందు రాసినవి ఫోన్ భాషనే మార్చుకోమంటాయి, ఇప్పుడు యాప్ భాష ఒక్కటే మార్చుకోవచ్చు.

మాటిమాటికీ ఎందుకు మారుస్తారని జనం విసుక్కోవడంలో న్యాయముంది. మా అమ్మ ఒక బటన్ నేర్చుకోవడానికి పట్టిన నెల రోజుల్లో అది జాగా మారింది. కంపెనీల మాటా కొట్టిపారేయలేం. 2024లో గూగుల్ ఇక్కడ ఇరుకు సందులను తప్పించే, ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా చెప్పే సౌకర్యాలు తెచ్చింది. అవి రావాలంటే తెర మారక తప్పదు.

తప్పు ఎవరి ఖాతాలో?

2024 మేలో కేరళలోని కొట్టాయం జిల్లాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యాత్రికుల కారు, మ్యాప్ చూసుకుంటూ పోయి, వాన నీళ్లతో నిండిన కాలువలో దిగింది. నలుగురూ బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు కిందపడి ముగ్గురు చనిపోయారు. అక్కడ కేసులో ప్రజాపనుల శాఖ ఇంజినీర్లతో పాటు మ్యాప్ సంస్థ అధికారినీ చేర్చారు.

ఒక వాదన ప్రకారం, కోట్ల మంది నమ్మే పటం తెగిన వంతెనను దారిగా చూపడం నేరమే. ఎదురు వాదన ఏమిటంటే, వంతెన తెగిందని మొదట తెలిసేది రోడ్ల శాఖకు, అక్కడ గోడ కట్టాల్సిందీ వాళ్లే. అడ్డు పెట్టి ఉంటే పటం ఏం చెప్పినా కారు ఆగేది. డ్రైవరు కళ్లు ఏమయ్యాయన్నది మూడో మాట. పొగమంచులో, రాత్రిపూట, కొత్త చోట ఆ మాట అనడం సులువు గానీ నాకు అది సబబుగా తోచదు. నాకు కనబడే లోపం మధ్యలో ఉంది. రోడ్డు మూసిన అధికారి నుంచి పటం గీసేవాడికి ఆ కబురు ఆ పూటే చేరే గట్టి ఏర్పాటు లేదు. అది లేనన్నాళ్లు అత్యంత కొత్త యాప్ కూడా కొన్ని చోట్ల బావ డబ్బాతో సమానమే.

మర్నాడు పొద్దున బయల్దేరాం. కల్వకుర్తి దాకా 167 మీద, అక్కడి నుంచి 765 మీద డిండి దాటి మన్ననూరు. ఫోన్‌లో మ్యాప్ దించుకున్నాను, ఆ బటన్ మా మేనకోడలు చూపించింది. బావ నల్ల డబ్బాను మళ్లీ అద్దానికి అతికించాడు. దారి కోసం కాదట, స్పీడ్ కోసం. కారు మీటరు 64 అంటే అది 60 అంటోంది. ఇక్కడ నమ్మాల్సింది డబ్బానే. కార్ల మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి. వేగం కొలవడానికి పటం అక్కర్లేదు, ఉపగ్రహం చాలు. చెక్‌పోస్టు దాటాక ఫోన్ మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. డబ్బా మీద అంకె మాత్రం 42, 38, మలుపులో 25 అని మారుతూనే ఉంది. దాని పై మూలన మంగళవారం, 2006 మార్చి 7.